ఓర్గాజ్ ప్రభువు భూస్థాపన: తొలేదో పట్టణపు శాంతో తొమే దేవాలయములోని పటముపై ఒక దైవశాస్త్ర పరిశీలన

స్పెయిను దేశములోని తొలేదో పట్టణములో శాంతో తొమే అను పాత దేవాలయము ఒకటి ఉన్నది. శాంతో తొమే అనగా మరెవరో కాదు, మన తోమా అపొస్తలుడే. ఆ దేవాలయములో ఎల్ గ్రేకో అను చిత్రకారుడు 1586-88 సంవత్సరములలో గీసిన ‘ఓర్గాజ్ ప్రభువు భూస్థాపన’ అను పెద్ద పటము ఉన్నది. దాని రంగులను గూర్చి, కాంతిని గూర్చి, అందులోని ముఖములను గూర్చి కళావిమర్శకులు చాలా వ్రాశారు. ఆ పనికి మేము తగినవారము కాము. మేము పరిశీలించదలచినది వేరొక సంగతి. ఆ పటమును గీయించినవాడు ఒక సంఘకాపరి. గీయించినది ఒక దాత జ్ఞాపకార్థము. గీయించుటకు ముందు ఆ కాపరి అదే దాత వ్రాసిన వీలునామా కొరకు న్యాయస్థానమునకు వెళ్ళి గెలిచాడు. దాతను పాతిపెట్టునప్పుడు సంఘము ఏమి ప్రకటించవలెను అను ప్రశ్న ఆ గోడమీద ఉన్నది. ఆ ప్రశ్న మన సంఘములలో నెలకొకసారైనా కాపరి ముందుకు వస్తూనే ఉంటుంది గనుక, పటము రోమను కతోలికులది గదా అని తప్పించుకొనుటకు వీలులేదు.

తొలేదో మాద్రిదుకు దక్షిణముగా సుమారు 70 కిలోమీటర్ల దూరములో, తాహో నది మూడు వైపుల చుట్టివచ్చిన రాతికొండమీద కట్టబడిన పట్టణము. 1085లో కస్తీలియ రాజైన ఆరవ అల్ఫోన్సో దానిని ముస్లిము పాలకుల యొద్దనుండి తీసుకొన్నాడు. యూదులు, ముస్లిములు, క్రైస్తవులు శతాబ్దములపాటు అవే ఇరుకు వీధులలో బ్రతికిన ఊరు అది. 1986లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరినది. శాంతో తొమే గోపురమును చూడగానే ఆ చరిత్ర తెలిసిపోతుంది. అరబ్బు పనివారి పద్ధతిలో ఇటుకలతో కట్టిన చదరపు గోపురము, మినారుకు గంటలు కట్టినట్లే ఉంటుంది. మేము వెళ్ళిన దినమున వీధి మలుపు వరకు మనుష్యులు వరుసలో నిలిచియున్నారు. టిక్కెట్టు తీసుకొని ప్రవేశించు ద్వారము ఆరాధన స్థలములోనికి పోదు, పటమున్న గదిలోనికి మాత్రమే పోతుంది. గుంపులు గుంపులుగా వచ్చినవారికి ఎవరి భాషలో వారికి వివరించి, పది నిమిషములలో ముగించి, తరువాతివారికి చోటిస్తున్నారు. ఆరాధన జరుగు స్థలము ఎటు ఉన్నదని అడిగినవారు మాకు కనబడలేదు. నిజము చెప్పవలెనంటే మేము కూడ మొదట అడుగలేదు.

ఇక దాత సంగతి. గొన్సాలో రూయిస్ అనువాడు తొలేదోకు దక్షిణమున ఉన్న ఓర్గాజ్ అను ఊరికి ప్రభువు. లోకము అతనిని ఓర్గాజ్ కౌంటు అని పిలుస్తున్నది గాని, అతడు బ్రతికినంతకాలము కౌంటు కాడు. ఆ బిరుదు అతని వంశమునకు చాలకాలము తరువాత వచ్చినది. భక్తిపరుడని, ధర్మాత్ముడని పేరు పొందాడు. పాడుబడిన శాంతో తొమేను తన ఖర్చుతో తిరిగి కట్టించాడు. అగస్టీను సభకు చెందిన సన్యాసులకు స్తెఫను పేరుగల మఠము కొరకు సహాయము చేశాడు. 1323లో మరణించగా శాంతో తొమేలోనే పాతిపెట్టారు. పారంపర్య కథ ఏమి చెప్పుచున్నదంటే, ఆ వేళ అగస్టీను, స్తెఫను ఇద్దరును పరలోకమునుండి దిగివచ్చి తమ చేతులతో అతని దేహమును సమాధిలో ఉంచారట. దేవునికిని ఆయన పరిశుద్ధులకును సేవచేయువారికి ఇట్టి ప్రతిఫలము కలుగునని ఒక స్వరము కూడ వినబడినదట.

గొన్సాలో తన వీలునామాలో ఒక ఏర్పాటు చేశాడు. ఓర్గాజ్ ఊరివారు ప్రతి సంవత్సరము శాంతో తొమే సంఘమునకు 2 పొట్టేళ్ళు, 16 కోళ్ళు, 2 తిత్తుల ద్రాక్షారసము, 2 మోపుల కట్టెలు, 800 మరవెదీ నాణెములు చెల్లించవలెను. అది కాపరి కొరకు, ఆలయ పరిచారకుల కొరకు, ఆ సంఘములోని పేదవారి కొరకు. సుమారు 240 సంవత్సరములు గడిచిన తరువాత ఆంద్రెస్ నూన్యెస్ అను కాపరి వచ్చి లెక్కలు చూడగా, ఓర్గాజ్ వారు చెల్లించుట మానివేసినట్లు 1564లో తేలినది. ఆయన వ్యాజ్యము వేశాడు. 1569లో వయ్యదోలీదులోని ఉన్నత న్యాయస్థానము సంఘము పక్షముగా తీర్పు చెప్పినది. గెలిచిన తరువాత కాపరి ఈ కథనంతటిని లాటిను భాషలో రాతిమీద చెక్కించాడు. ఆ తరువాత 1586 మార్చి 18న ఎల్ గ్రేకోతో ఒప్పందము వ్రాయించుకొన్నాడు.

సంఘ ఆస్తుల వ్యాజ్యములను ఎరిగిన మన పాఠకులకు ఆంద్రెస్ నూన్యెస్ మీద గౌరవము కలుగుట సహజము. మాకును కలిగినది. దాత వ్రాసిపోయిన దానిని ఎవరో తినివేయుచుండగా చూచి ఊరకుండే కాపరులున్నారు, వారితో కలిసి తినే కాపరులును లేకపోలేదు. ఈయన అట్టివాడు కాడు. పేదల పాలు కూడ అందులో ఉన్నది గనుక ఆయన పోరాటమును ధనాపేక్ష అని కొట్టివేయుట న్యాయము కాదు.

అయినను ఒక ప్రశ్న మమ్మును వదలలేదు. ఆ పొట్టేళ్ళు ఎవరివి? ఆ కోళ్ళు ఎవరివి? గొన్సాలో ఇచ్చినది తన పెరటిలోని కోళ్ళు కాదు. ఓర్గాజ్ ఊరి ప్రజలు ఇవ్వవలసినవి. తాను చనిపోయిన తరువాత, తన ఆత్మ మేలుకొరకు, తన క్రిందనున్న ఊరివారు తరతరములుగా ఏటేట చెల్లించునట్లు వ్రాసి అతడు ధర్మాత్ముడనిపించుకొన్నాడు. రెండు వందల నలభై సంవత్సరముల తరువాత పుట్టిన రైతు, తాను ఎన్నడును చూడని ప్రభువు పేరట కోడిని పట్టుకొని తొలేదోకు ఎందుకు నడవవలెనో అతనికి ఎవరు చెప్పారు? చెల్లింపు మానివేసినవారిని కృతఘ్నులని ఆ కథ చెప్పువారందరును అంటారు. చట్టము దృష్టిలో అది అప్పే కావచ్చును. అయితే ఆమోసు, మీకా గ్రంథములను బోధించువారము ఆ ఊరివారి వైపునుండి కూడ ఒకసారి ఈ కథను చదువవలెను. పటమంతయు వెదకినను ఓర్గాజ్ రైతు ఒక్కడు కనబడడు. భూమిమీద జరుగు భాగములో ఉన్నవారందరు తెల్లని కుచ్చుల మెడపట్టీలు ధరించిన పెద్దమనుష్యులు, గురువులు, సన్యాసులు. పేదలకొరకైన వీలునామాను కొనియాడు పటములో పేదవారు లేరు.

ఒప్పందమును చూస్తే కాపరి ఏమి కోరాడో స్పష్టముగా ఉన్నది. గురువులు భూస్థాపన క్రమమును జరిగించుచుండగా ఇద్దరు పరిశుద్ధులు దిగివచ్చి, ఒకరు తలను, ఒకరు కాళ్ళను పట్టి దేహమును సమాధిలో ఉంచుట, చుట్టును జనులు చూచుట, పైన పరలోక మహిమ తెరువబడియుండుట, ఇవన్నియు ఉండవలెను. క్రింద గోడమీద సమాధి కూడ గీయవలెను. ఆ సంవత్సరము క్రిస్మసుకే ముగించవలెనని గడువు. చిత్రకారుడు గడువు తప్పాడు. పని ముగిసిన తరువాత వెల కట్టినవారు 1200 డ్యూకట్లు అన్నారు. అది ఎక్కువని సంఘము ఒప్పుకొనలేదు. రెండవమారు వెల కట్టించగా 1600 అన్నారు! చివరకు 1588లో 1200కే రాజీ కుదిరినది. దాత ధర్మగుణమును కొనియాడు పటము కొరకు కూడ బేరము, తగవు, మధ్యవర్తులు తప్పలేదు. ఆలయ నిర్మాణ కమిటీలలో కూర్చున్నవారికి ఇది కొత్త సంగతి కాదు.

ఎల్ గ్రేకో అనగా గ్రీకువాడు. అసలు పేరు దొమెనికోస్ థియోతోకోపౌలోస్. పౌలు తీతును విడిచివచ్చిన క్రేతు ద్వీపములో 1541లో పుట్టి, అక్కడ గ్రీకు సంఘపు పద్ధతిలో పవిత్ర పటములు గీయుట నేర్చుకొని, వెనిసు, రోము పట్టణములలో పనిచేసి, 1577లో తొలేదో చేరాడు. 1614లో అక్కడే మరణించాడు. ఈ పూర్వోత్తరము ముఖ్యము. ఎందుకనగా పటములో కాపరి అడిగినవి ఉన్నవి, కాపరి అడుగనివి కూడ ఉన్నవి.

పటము ఎత్తు 4 మీటర్ల 80 సెంటీమీటర్లు, వెడల్పు 3 మీటర్ల 60. రెండు భాగములుగా ఉంటుంది. క్రింద, బంగారు వస్త్రములు ధరించిన ఇద్దరు వంగి, ఇనుప కవచముతోనున్న మృతుని మోయుచున్నారు. కుడివైపున తలను పట్టినవాడు వృద్ధుడైన అగస్టీను, ఎడమవైపున కాళ్ళు పట్టినవాడు యౌవనుడైన స్తెఫను. వారి వెనుక ముఖముల వరుస, మండుచున్న దివిటీలు. నేల కనబడదు, ఆకాశపు అంచు కనబడదు. సమాధి కూడ పటములో కనబడదు, ఎందుకనగా అసలు సమాధి పటము క్రిందనే ఉండెను. నిలిచి చూచుచున్నవాడు సమాధి అంచున నిలిచినట్లే. ఎడమ మూలలో ఒక బాలుడు మనలను చూచుచు వ్రేలుతో చూపుచున్నాడు. ఆ బాలుడు చిత్రకారుని కుమారుడు. జేబులోని చేతిరుమాలుమీద చిత్రకారుని సంతకము, 1578 అను సంవత్సరము ఉన్నవి. అది కుమారుడు పుట్టిన సంవత్సరము. పై భాగములో మేఘములు తెరువబడి, శిఖరమున తెల్లని వస్త్రములతో క్రీస్తు, ఒక ప్రక్క మరియ, మరొక ప్రక్క మోకరించిన బాప్తిస్మమిచ్చు యోహాను, తాళపుచెవులతో పేతురు, సితారాతో దావీదు, పలకలతో మోషే, ఓడతో నోవహు.

దీనిని ప్రొటెస్టెంటు కాపరి చూచినప్పుడు ఏమంటాడో మనకందరికి తెలుసు. త్రెంతు మహాసభ 1563 డిసెంబరులో తన ఇరువది యైదవ సమావేశమునందు పాపశోధన స్థలమును గూర్చియు, పరిశుద్ధులను వేడుకొనుటను గూర్చియు, పటములను గూర్చియు తీర్మానములు చేసినది. పావు శతాబ్దము గడువకముందే ఆ మూడును ఈ ఒక్క గోడమీద నిలిచినవి. క్రియలవలన ప్రతిఫలము, పరిశుద్ధుల మధ్యవర్తిత్వము, మృతుని ఆత్మ మేలుకొరకు వ్రాసిన కానుకలు. రోమా పత్రిక మూడవ అధ్యాయము, ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయము తెరిచి ఒక్క పేజీలో ఖండించవచ్చును. మన వేదాంత విద్యార్థుల వ్యాసములు చాలావరకు అక్కడితో ముగుస్తాయి. సిద్ధాంతపరముగా ఆ ఖండన సరియైనదే, మేమును దానిని విడువము.

అయితే ఆ గదిలో నిలిచినప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినది త్రెంతు మహాసభ కాదు. మా పరిచర్య తొలి సంవత్సరములలో ఆలయ ప్రహరీగోడ కట్టించుచుండిన ఒక మోతుబరి రైతు నిద్రించగా, 2 తిమోతి 4:7 మీద ప్రసంగించాము. చెరలోనుండి, మరణశిక్ష ముందు పౌలు చెప్పిన మాటను ఆయనకు తొడిగాము. ఆయనకొరకు నీతి కిరీటము సిద్ధముగా ఉన్నదన్నాము. ఆయన మంచివాడే. కాని ఆ గోడ ఇంకను వంద అడుగులు మిగిలియుండెను, కుమారులు ముందు వరుసలో కూర్చునియుండిరి. ఇంటికి వచ్చిన తరువాత మా భార్య ఒక్క మాట అడిగారు: “ఆ ప్రసంగము చనిపోయినాయనకా, బ్రతికున్న కొడుకులకా?” మేము జవాబు చెప్పలేదు. గోడ పూర్తియైనది. మన ఆలయములలో పటములు లేవు, విగ్రహములు లేవు. ఫ్యాను రెక్కలమీద, బెంచీల వెనుక, బలిపీఠపు మెట్టుమీద పాలరాతి పలకలలో ఉన్న పేర్లను ఒకసారి లెక్కపెట్టితే, ఆంద్రెస్ నూన్యెస్ చేసిన పనికిని మనము చేయుచున్న పనికిని భేదము చిత్రకారుని నైపుణ్యములో మాత్రమే ఉన్నదని తోచును.

కాబట్టి పటమును తీర్పు తీర్చుటకు బదులు, అందులోనివారినే సాక్షులుగా పిలిచి చూడవలెనని మాకు అనిపించినది.

మొదట స్తెఫను. కాపరి ఆయనను గీయించినది గొన్సాలో ఆయన పేరుగల మఠమునకు సహాయము చేసినందుకు. కాని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో స్తెఫను ఎందుకు ఏర్పరచబడ్డాడు? అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడు విధవరాండ్రు నిర్లక్ష్యము చేయబడుచున్నారని సణుగు పుట్టినందుకు. భోజనపు బల్లల లెక్క సరిచేయుటకు నియమింపబడినవారిలో ఆయన మొదటివాడు. కోళ్ళ లెక్క, కట్టెల లెక్క తప్పినప్పుడు పిలువవలసినది సరిగ్గా ఈయననే. అయితే ఆయన లెక్క ఎవరి వైపునుండి మొదలైనది? పొందవలసియుండి పొందనివారి సణుగునుండి. దాత గౌరవమునుండి కాదు. మరియొక సంగతి. స్తెఫను చనిపోయినప్పుడు పరలోకమునుండి ఎవరును దిగిరాలేదు. భక్తిగల మనుష్యులు ఆయనను సమాధిచేసి బహుగా ప్రలాపించారని 8వ అధ్యాయము చెప్పుచున్నది, అంతే. ఎల్ గ్రేకో ఇది ఎరిగే గీశాడో లేదో గాని, స్తెఫను ధరించిన బంగారు వస్త్రముమీద ఆయనను రాళ్ళతో కొట్టు దృశ్యమును గీశాడు. రాళ్ళ దెబ్బలతో చచ్చి, మనుష్యుల కన్నీళ్ళతో మాత్రమే పాతిపెట్టబడినవాడు, ఉక్కు కవచములోనున్న ప్రభువును మోయుచున్నాడు. ఆ చిన్న బొమ్మను చూచుటకు చాలసేపు నిలువవలసివచ్చినది. దానిని గమనించని వేదశాస్త్రి ఈ పటమును చూడనట్లే.

అగస్టీను సాక్ష్యము ఇంకను విచిత్రముగా ఉన్నది. నోలా బిషపుగా ఉండిన పౌలీనుకు జవాబుగా, సుమారు 421లో, ఆయన మృతుల విషయమైన శ్రద్ధను గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాశాడు. ఒక తల్లి తన కుమారుని దేహమును పరిశుద్ధుడైన ఫెలిక్సు సమాధి ప్రక్కన పాతిపెట్టించుకొన్నది, దానివలన మృతునికి మేలు కలుగునా అనేది ప్రశ్న. భూస్థాపన ఆర్భాటము, సమాధి చోటు జీవించియున్నవారికి ఆదరణయే గాని మృతునికి సహాయము కాదని అగస్టీను భావము. ఆ చోటు బంధువులను ప్రార్థనకు పురికొల్పితే ప్రయోజనముండవచ్చునని ఒప్పుకొన్నాడు గనుక, ఆయనను పూర్తిగా మన పక్షమునకు లాగుకొనుట మోసమగును. అయినను, దేవుడు మన యోగ్యతలకు కిరీటము పెట్టునప్పుడు తన వరములకే కిరీటము పెట్టుచున్నాడని పెలాగియునకు విరోధముగా వాదించిన మనుష్యుడు, దాతృత్వమునకు ప్రతిఫలముగా మృతుని భుజములు పట్టుటకు దిగివచ్చెనట! ఆంద్రెస్ నూన్యెస్ అగస్టీను గ్రంథములను చదువలేదని మేము అనము. మేము రోమా పత్రికను చదివియే ఆ ప్రహరీగోడ ప్రసంగము చేశాము గదా.

మూడవ సాక్షిని చాలామంది చూడరు. పైన కుడివైపు పరిశుద్ధుల గుంపులో, చేతిలో మూలమట్టముతో తోమా ఉన్నాడు. ఆలయము ఆయన పేరటిదే. వడ్రంగి పనిముట్టు ఆయన చేతికి ఎట్లు వచ్చినది? మూడవ శతాబ్దములో సిరియ భాషా ప్రాంతమున పుట్టిన ‘తోమా కార్యములు’ అను గ్రంథమునుండి. అది మన లేఖనములలో చేరినది కాదు, చరిత్రగా దానిమీద ఎంత ఆధారపడవచ్చునో వేరే చర్చ. కాని ఆ కథ జరుగునది మన దేశములో. గొండొఫారెసు అను రాజు తనకొక రాజభవనము కట్టుమని తోమాకు ధనమిచ్చాడు. ఆ పేరుగల రాజు నాణెములు వాయవ్య ప్రాంతములో దొరికినవి. తోమా ఆ ధనమంతయు బీదలకు, రోగులకు పంచిపెట్టాడు. రాజు వచ్చి భవనమెక్కడ అని అడుగగా, కట్టబడినది గాని ఈ జీవితము విడిచిన తరువాతనే చూడగలవన్నాడు. రాజు ఆయనను చెరలో వేయించాడు. అంతలో రాజు తమ్ముడు గాదు చనిపోయి, పరలోకమున ఆ భవనమును చూచి, తిరిగి బ్రదికి వచ్చి సాక్ష్యమిచ్చాడు.

ఈ కథ కూడ ప్రతిఫల సిద్ధాంతమే గదా, దానధర్మమువలన పరలోక భవనము దొరుకునని చెప్పుచున్నది గదా అని పాఠకులు అడుగవచ్చును. అడుగవలెను కూడ. లూకా 16:9తో మనము పడు ఇబ్బందియే ఇక్కడను ఉన్నది. తోమా కథను మన నీతిమంతత్వ సిద్ధాంతములో ఇరికించుట మాకు చేతకాలేదు. కాని ఒక భేదము కన్నులకు కట్టినట్లున్నది. ఆ రాజు ధనమునకు భూమిమీద గుర్తు ఏదియు మిగులలేదు. పునాది లేదు, గోడ లేదు, పేరు చెక్కిన రాయి లేదు. తిని బలపడినవారి దేహములే ఉన్నవి. భారతదేశములో భవనము కట్టని తోమా పేరట స్పెయినులో కట్టిన ఆలయములో, కట్టించినవాని జ్ఞాపకార్థమైన పటములో, తోమా మూలమట్టము పట్టుకొని పైనుండి చూచుచున్నాడు. మా దృష్టిలో పటమంతటిలోను ఇంతకంటె గట్టి విమర్శ లేదు. ఎవరును ఉద్దేశించకపోయినను అది అక్కడ ఉన్నది.

పటములో లోపములు లేవని కాదు. పరలోకములోని గుంపులో రెండవ ఫిలిప్పు రాజు ముఖమున్నదని విమర్శకులు అనేకులు గుర్తించారు. ఆ రాజు మరణించినది 1598లో, అనగా పటము ముగిసిన పది సంవత్సరములకు. బ్రతికియున్న రాజును పరిశుద్ధుల మధ్య నిలుపుట ముఖస్తుతి గాక మరేమి? మన సువార్త మహాసభల ఫ్లెక్సీలమీద ప్రభువు రూపమునకు ఇరువైపుల నియోజకవర్గ నాయకుల ఫోటోలు చూచినవారు దీనిని చూచి పెద్దగా ఆశ్చర్యపోరు. పై భాగములోని గుంపు కూడ మాకు కొంత గజిబిజిగానే తోచినది.

అయితే ఆ రెండు భాగముల నడుమ ఒక చోటున్నది. ఈ వ్యాసము వ్రాయుటకు అసలు కారణము అదే. ఒక దేవదూత పసుపు వస్త్రముతో రెక్కలు విప్పి, గొన్సాలో ఆత్మను పైకి మోసికొని పోవుచున్నాడు. ఆ ఆత్మ కవచము ధరించిన ప్రభువు వలె లేదు. పొగవంటి చిన్న పసిబిడ్డ వలె ఉన్నది. మేఘముల మధ్యనున్న ఇరుకు సందులోనుండి దూత దానిని పైకి నెట్టవలసియున్నది. ప్రసవమును చూచినట్లుందని వ్రాసినవారున్నారు. గ్రీకు సంఘముల పటములలో మరియ నిద్రించినప్పుడు ఆమె ఆత్మను పసిబిడ్డ రూపమున క్రీస్తు ఎత్తుకొనియుండును. ఎల్ గ్రేకో క్రేతులోనుండగా అట్టి పటమును తానే గీశాడు, అది 1983లో సీరోసు ద్వీపములో బయటపడినది. ఆ బాల్యపు పద్ధతినే ఇక్కడ వాడాడు. ఒప్పందములో దీనిని గూర్చి ఒక్క మాట లేదు. దాత గొప్పతనమును చూపవలసిన పటములో, దాత పరలోకద్వారమునకు వచ్చునప్పుడు అతని చేతిలో వీలునామా లేదు, ఆలయపు నమూనా లేదు, కవచము లేదు. వట్టి చేతులు. తనంతట తాను ఎక్కలేడు కూడ, ఎవరో మోయవలెను. నీకొదేముకు అర్థముకాని సంగతిని, ఆంద్రెస్ నూన్యెస్ అడుగని సంగతిని, గ్రీకువాడు నడిమధ్యన పెట్టి వెళ్ళాడు. ప్రతిఫలమని అడిగి గీయించుకొన్న గోడమీద కృప వచ్చి కూర్చున్నదని మేమంటే కతోలికు మిత్రులు నవ్వవచ్చును, వారి సిద్ధాంతములో ఆ రెంటికి వైరము లేదు. మాకు మాత్రము ఆ బిడ్డను చూచిన తరువాత 2 తిమోతి 4:7 ప్రసంగము మరింత సిగ్గుగా తోచినది.

కుడి అంచున ఇద్దరు గురువులున్నారు. పల్చని తెల్లని అంగీ ధరించిన ఒకడు చేతులు విప్పి పైకి చూచుచున్నాడు. బంగారు అంచుల నల్లని పై వస్త్రము ధరించిన రెండవవాడు పుస్తకములోనుండి భూస్థాపన క్రమమును చదువుచున్నాడు. ఆ చదువుచున్నవాడే ఆంద్రెస్ నూన్యెస్ అని చాలామంది గుర్తించారు. అతని ఎదుటనే అగస్టీను వంగియున్నాడు, తలపైన పరలోకము తెరువబడియున్నది. అతని కన్నులు పుస్తకమును విడువలేదు.

మేము తిరిగివచ్చిన కొన్ని నెలలకు, ఆలయమునకు ఆరు ఫ్యానులు ఇచ్చిన ఒక విశ్రాంత ఉద్యోగి నిద్రించారు. ఫ్యానుల సంగతి ప్రసంగములో చెప్పుమని బంధువులు ముందుగానే చీటీ పంపారు. చెప్పలేదు. వారికి కోపము వచ్చినది, ఇంకను పూర్తిగా పోలేదు. మట్టి వేసిన తరువాత, ఎవరును పిలువకుండగనే, వెనుకనున్న ఒక స్త్రీ ముందుకు వచ్చి, తన ఇద్దరు పిల్లల బడి ఫీజు నాలుగు సంవత్సరములు ఆయనే కట్టారని, ఎవరితోను చెప్పవద్దన్నారని ఏడ్చుచు చెప్పినది. యొప్పేలో తబితా చేసిన అంగీలను విధవరాండ్రు పేతురునకు చూపిన వచనము జ్ఞాపకము వచ్చినది. క్రమములో ఇంక ఆశీర్వాదము మిగిలియుండెను. ఆమె చెప్పుట ముగించువరకు మేము పుస్తకము తెరువలేదు.